తొలి కెమెరా

సంస్కృత నిఘంటువులు ‘ఛాయ’ శబ్దానికి నీడ, కాంతి, ప్రతిబింబం అనే అర్థాలను ఒకేచోట చెబుతాయి. పరస్పర విరుద్ధాలైన వెలుగు నీడలు ఒకే మాటలో ఒదిగి ఉండడం ముచ్చటైన విషయం. ‘ఫోటోగ్రఫీ’ అనే మాటకు గ్రీకు ధాతువులనుబట్టి వెలుగుతో రాయడం అని అర్థం. దానికి తెలుగువారు ఛాయాగ్రహణమని పేరు పెట్టుకొన్నప్పుడు వెలుగుతోపాటు నీడకు కూడా చోటు దొరికింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకలమీద చిత్రాలు తీసిన కాలంలో ఈ విద్య రాజాశ్రయం ఉన్నవారికో, సంపన్నులకో పరిమితం. నేడు ప్రతి చేతిలోని సెల్‌ఫోనూ ఒక కెమెరాయే. అయినప్పటికీ కటకాలు మార్చుకోగల కెమెరాను కొనాలనే కోరిక యువతరంలో తగ్గలేదు. కోరిక పుట్టినంత తేలికగా వివేకం పుట్టదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో నేలపట్టు పక్షుల రక్షణ కేంద్రం ఉన్నది. శీతకాలంలో అక్కడి చెరువులోని చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుతాయి. ఆ ప్రాంతంలో పుట్టి, చిన్ననాటినుంచి ఆ పక్షులను చూస్తూ పెరిగిన ఒక విద్యార్థినిని ఊహించవచ్చు. వడ్లు అమ్మిన సొమ్ములోనుంచి తండ్రి కొంత తీసి ఆమె చేతిలో పెట్టాడు. మళ్లీ అంత సొమ్ము ఆ ఇంట ఎప్పుడు సమకూరుతుందో తెలియదు. ఆమె దగ్గరి పట్టణంలో చాలాకాలంగా స్టూడియో నడుపుతున్న పెద్దాయన వద్దకు వెళ్లి, “సార్, ఎక్కువ మెగాపిక్సెళ్లు ఉన్న కెమెరా ఏదో చెప్పండి” అని అడిగింది.

“అది తర్వాత చూద్దాం తల్లీ! ముందు నువ్వేం తీయాలనుకొంటున్నావో చెప్పు” అన్నాడాయన.

కెమెరా ఎంపికలో మొదటి ప్రశ్న ఇదే. అయితే అంగళ్లలో ఈ ప్రశ్న వినిపించడం అరుదు. అక్కడ మెగాపిక్సెళ్ల లెక్కకే పెద్దపీట. 24 మెగాపిక్సెళ్ల చిత్రం అంటే అడ్డంగా 6,000, నిలువుగా 4,000 చుక్కలతో ఏర్పడిన చిత్రం. అంగుళానికి 300 చుక్కల వంతున అచ్చు వేస్తే అది 20 అంగుళాల వెడల్పు, 13 అంగుళాలకు మించిన ఎత్తు గల పటం అవుతుంది. ఇంటి గోడకు అంతకన్న పెద్ద పటం ఎంతమంది తగిలిస్తారు? పదేళ్లనాటి ప్రాథమిక స్థాయి కెమెరాలు సైతం అనేకం 24 మెగాపిక్సెళ్లవే. కాబట్టి ఆ సంఖ్యకోసం అదనపు సొమ్ము వెచ్చించడం వృథా.

డి.ఎస్.ఎల్.ఆర్. అనే పొడి అక్షరాలకు డిజిటల్ సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ అని విస్తరణ. చిత్రాన్ని గ్రహించే కటకంలోనుంచే చిత్రకారుడు దృశ్యాన్ని చూడగలగడం దీని ప్రత్యేకత. కటకంద్వారా వచ్చిన కాంతి దాని వెనుక 45 డిగ్రీల వాలులో అమర్చిన దర్పణంమీద పడి పైకి పరావర్తనం చెందుతుంది. అక్కడి పట్టకం గాని, అద్దాల కూర్పు గాని తారుమారైన ప్రతిబింబాన్ని సరిచేసి కంటికి అందిస్తుంది. మీట నొక్కిన క్షణంలో దర్పణం పైకి లేస్తుంది, షట్టరు తెరుచుకొంటుంది, కాంతి సెన్సరుమీద పడుతుంది. ఆ క్షణకాలం చూసేవాని కంటికి చీకటి. చిత్రం నమోదయ్యే క్షణాన్ని చిత్రకారుడే చూడలేకపోవడం ఈ యంత్రంలోని వింత.

ఇక్కడ ఒక వాస్తవాన్ని దాచకుండా చెప్పాలి. దర్పణం లేని కెమెరాల యుగం ఇప్పటికే వచ్చింది. 2008లో పానసోనిక్ సంస్థ మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిలో అటువంటి కెమెరాను విడుదల చేసింది. 2018లో నికాన్ ‘జడ్’ శ్రేణినీ, కేనన్ ‘ఆర్’ శ్రేణినీ ప్రారంభించి తమ శక్తియుక్తులను అటు మళ్లించాయి. వాటిలో పక్షి కన్నును గుర్తించి దానిమీదనే ఫోకస్‌ను నిలిపే నేర్పు గలవి ఉన్నాయి. చిత్రం ఎంత వెలుగుతో వస్తుందో మీట నొక్కక ముందే అవి చూపగలవు. ధనానికి లోటు లేనివారు వాటివైపు వెళ్లడంలో తప్పు లేదు. అయితే చాలామంది అటు మారినందువల్లనే మంచి డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు, కటకాలు వాడినవాటి విపణిలోకి విరివిగా వచ్చాయి. ఒకనాడు అందని సామగ్రి నేడు సామాన్య విద్యార్థికి అందుబాటులో ఉన్నది. కంటితో నేరుగా చూసే ఏర్పాటు విద్యుత్తును పెద్దగా కోరదు. 2018లో వచ్చిన నికాన్ డి-3500 బ్యాటరీని ఒకసారి ఛార్జి చేస్తే సుమారు 1,550 చిత్రాలు తీయవచ్చునని సంస్థ లెక్క. తెల్లవారుజామున చెరువుగట్టు చేరి సాయంకాలం దాకా కూర్చొనేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

సెన్సరు పరిమాణాన్నిబట్టి ఈ కెమెరాలు ప్రధానంగా రెండు తెగలు. పాత ఫిల్ము కొలత అయిన 36×24 మిల్లీమీటర్ల సెన్సరు గలవి ఫుల్ ఫ్రేమ్ కెమెరాలు. అంతకన్న చిన్న సెన్సరు గలవి ఏ.పి.ఎస్.-సి. కెమెరాలు. రెండవ తెగలో నికాన్ సెన్సరు వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు, కేనన్‌ది సుమారు 22.3. మసక వెలుగులో మొదటి తెగ మెరుగైనదే గాని దానికి తగిన కటకాలు బరువైనవి, వెల ఎక్కువైనవి. దూరపు పక్షిని పట్టదలచినవారికి చిన్న సెన్సరే ఒక విధంగా ఉపకారి. ఒకే కటకంతో చూసినప్పుడు అది దృశ్యంలో నడిమి భాగాన్ని మాత్రమే గ్రహిస్తుంది. నికాన్‌లో 300 మిల్లీమీటర్ల కటకం ఫుల్ ఫ్రేమ్‌మీద 450 మిల్లీమీటర్ల కటకం చూపినంత ఇరుకైన దృశ్యాన్ని చూపుతుంది. తొలి కెమెరాగా ఏ.పి.ఎస్.-సి. రకాన్ని ఎన్నుకొన్నవారు పశ్చాత్తాపపడే అవకాశం తక్కువ.

కెమెరా దేహం కొన్నేళ్లలో పాతబడుతుంది. మంచి కటకం మాత్రం అనేక దేహాలు మారినా వెంట నిలుస్తుంది. నికాన్ ఎఫ్ మౌంట్ 1959లోను, కేనన్ ఇ.ఎఫ్. మౌంట్ 1987లోను పుట్టాయి. ఏ సంస్థ దేహాన్ని కొంటే ఆ సంస్థ కటకాల లోకంలోనే ఆపైన సంచరించవలసి ఉంటుంది. అందువల్ల కొనేటప్పుడు దేహంకన్న కటకంమీద ఎక్కువ ఆలోచన పెట్టడం యుక్తం.

కటకాన్ని గురించి తెలుసుకోవలసినవి ప్రధానంగా రెండు: నాభ్యంతరం, ద్వారం. నాభ్యంతరం మిల్లీమీటర్లలో చెబుతారు. అది పెరిగేకొద్దీ దృశ్యం ఇరుకై దూరవస్తువు పెద్దదిగా కనబడుతుంది. ప్రాథమిక స్థాయి కెమెరాలతో సాధారణంగా 18–55 మిల్లీమీటర్ల జూమ్ కటకం జతగా వస్తుంది. నేలపట్టులో గూడబాతు 50 మీటర్ల దూరంలో ఉన్నదనుకొంటే, 55 మిల్లీమీటర్లవద్ద నికాన్ చిన్న సెన్సరులో పట్టే దృశ్యం వెడల్పు దాదాపు 21 మీటర్లు. మీటరున్నర పొడవైన పక్షి ఆ విశాల దృశ్యంలో పదునాలుగవ వంతు మాత్రమే. చూసేవారికి చెట్టు కనబడుతుంది గాని పక్షి కనబడదు. అదే 300 మిల్లీమీటర్లవద్ద దృశ్యం వెడల్పు నాలుగు మీటర్లకు లోపే. అప్పుడు పక్షి మూడవ వంతుకు మించి ఆక్రమిస్తుంది. ముక్కుకింది సంచీ, కంటిచుట్టూ ఉన్న రంగు తెలుస్తాయి. ఆ విద్యార్థిని పెద్ద వెలపెట్టి మేలుజాతి దేహాన్ని 18–55 కటకంతో కొని ఉంటే, తండ్రి సొమ్ముకు దక్కేది చెట్టు బొమ్మే! సాధారణమైన పాత దేహంతో 70–300 మిల్లీమీటర్ల కటకాన్ని కొంటే ఆమె పని నెరవేరుతుంది. కేనన్ పక్షాన 55–250 మిల్లీమీటర్ల కటకం ఇటువంటిదే.

అట్లాగని 18–55 కటకాన్ని తీసిపారేయరాదు. పెళ్లిపందిట్లో బంధువులందరినీ ఒకే చిత్రంలో ఇమడ్చడానికీ, గండికోట లోయను ఈ అంచునుంచి ఆ అంచుదాకా చూపడానికీ దాని 18 మిల్లీమీటర్ల కొసే శరణ్యం. దానిని అలంకారప్రాయమని చిన్నచూపు చూడడం అనుభవం లేనివారి అలవాటు.

రెండవది ద్వారం. నాభ్యంతరాన్ని ద్వార వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్-సంఖ్య. అందువల్లనే సంఖ్య చిన్నదైతే ద్వారం పెద్దది. కొత్తవారు తికమకపడే చోటు ఇదే. 50 మిల్లీమీటర్ల కటకానికి ఎఫ్/1.8వద్ద ద్వారం వ్యాసం సుమారు 28 మిల్లీమీటర్లు, ఎఫ్/5.6వద్ద సుమారు 9 మిల్లీమీటర్లు. లోపలికి వచ్చే కాంతి వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక మొదటిది రెండవదానికన్న సుమారు పదిరెట్ల కాంతిని రానిస్తుంది. రాత్రివేళ రంగస్థలంమీద కూచిపూడి నర్తకి అడుగు వేస్తున్నప్పుడు ఎఫ్/5.6 కటకం సెకనులో పదవ వంతు కాలం కోరితే, ఎఫ్/1.8 కటకానికి సెకనులో నూరవ వంతు చాలు. మొదటిదానిలో చేతులు పొగచారలవలె అలుక్కుపోతాయి, రెండవదానిలో ముద్ర ముద్రగా నిలిచే వీలున్నది. జూమ్ లేని 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 కటకం తేలిక, వెల కూడా తక్కువ. చిన్న సెన్సరు కెమెరాకు 35 మిల్లీమీటర్ల కటకం ఇంకా అనుకూలం. ఇరుకు గదిలో 50తో మనిషిని తీయాలంటే వీపు గోడకు తగులుతుంది.

దూరపు కటకాలకు మరొక నియమం ఉన్నది. చేతి వణుకు కూడా వాటిలో పెద్దదై కనిపిస్తుంది. 300 మిల్లీమీటర్లవద్ద చిన్న సెన్సరు కెమెరాను చేత పట్టుకొని తీసేటప్పుడు షట్టరు వేగం సెకనులో 500వ వంతుకు తగ్గకుండా చూసుకోవడం మేలు. వణుకును అణచే ఏర్పాటు గల కటకాలను నికాన్ వి.ఆర్. అనీ, కేనన్ ఐ.ఎస్. అనీ గుర్తిస్తాయి. అవి చేతి వణుకును అణుస్తాయే గాని పక్షి రెక్కలను ఆపవు. ఎగిరే పక్షికి వెయ్యవ వంతో, అంతకన్న తక్కువ కాలమో కావాలి.

వాడిన కటకాలను కొనేటప్పుడు పొంచి ఉన్న ఉచ్చు ఒకటున్నది. కేనన్ ఇ.ఎఫ్. కటకాలన్నింటిలో ఫోకస్ మోటారు కటకంలోనే ఉంటుంది. నికాన్ పాత ఎ.ఎఫ్. కటకాలలో మోటారు లేదు, దేహంలోని మోటారే వాటిని తిప్పాలి. డి-3000, డి-5000 శ్రేణుల దేహాలలో ఆ మోటారు ఉండదు. డి-7000 శ్రేణిలో ఉంటుంది. చౌకగా దొరికిందని పాత 50 మిల్లీమీటర్ల కటకాన్ని కొని, ఇంటికి తెచ్చి డి-3500కు తగిలించినవారు ప్రతిసారీ చేతితో ఫోకస్ చేసుకోవలసి వస్తుంది. దీనికి విపర్యయంగా, కొత్తవైన ఎ.ఎఫ్.-పి. కటకాలు నికాన్ పాత దేహాలు కొన్నింటిమీద ఫోకస్ కావు. పైన చెప్పిన 70–300లోనూ ఆ రకం ఉన్నది. కనుక ఆ దేహాన్నీ, ఆ కటకాన్నీ కలిపి పరీక్షించకుండా సొమ్ము చెల్లించరాదు.

స్టూడియో పెద్దాయన ఆ విద్యార్థిని ముందు బల్లమీద ఒక వాడిన కెమెరాను పెట్టి, టార్చిలైటు తెప్పించాడు. కటకానికి ఒకవైపునుంచి వెలుగు వేసి రెండోవైపునుంచి చూడమన్నాడు. “లోపల సాలెగూడులాంటి పోగులు కనిపిస్తున్నాయా?” అని అడిగాడు. “అవునండీ, అంచున సన్నగా ఉన్నాయి” అన్నది ఆమె. “అది బూజమ్మా. అందుకే ఇంత చౌక. ఇది నీకొద్దు” అని దాన్ని పక్కకు తీసిపెట్టాడు.

కొనేముందు చూడవలసినవి ఇంకా ఉన్నాయి. ద్వారాన్ని ఎఫ్/16వద్ద ఉంచి, మబ్బులేని ఆకాశాన్ని తీసి, చిత్రాన్ని పెద్దదిగా చేసి చూస్తే సెన్సరుమీది ధూళి నల్లని మచ్చలుగా బయటపడుతుంది. ధూళిని శుభ్రం చేయించవచ్చు, గీతను చేయించలేము. షట్టరు ఎన్నిసార్లు పనిచేసిందో తెలుసుకోవాలి. ప్రాథమిక స్థాయి కెమెరాల షట్టర్లకు సాధారణంగా లక్ష పర్యాయాల ఆయువును అంచనా వేస్తారు. నికాన్ కెమెరాలలో ఆ సంఖ్య ప్రతి చిత్రపు ఫైలులోను నిక్షిప్తమై ఉంటుంది. కేనన్ కెమెరాలలో చాలావాటి ఫైళ్లలో ఉండదు కాబట్టి సేవాకేంద్రాన్నో, ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌నో ఆశ్రయించాలి. సంఖ్య తక్కువైనంత మాత్రాన యంత్రం మంచిదనుకోరాదు. ఏళ్ల తరబడి బీరువాలో ముడుచుకొని ఉన్న కెమెరాకన్న, నిత్యం వాడుకలో ఉన్నదే ఆరోగ్యంగా ఉండడం కద్దు. తగిలింపు కొసలు, బ్యాటరీ, మెమరీకార్డు అర ఒక్క చూపులో తేలిపోతాయి.

చివరకు ఆమె తీసికొన్నది 18–55 కటకంతో కూడిన పాత దేహం, బూజు లేని ఒక 70–300 కటకం. 50 మిల్లీమీటర్ల కటకాన్ని పెద్దాయనే వాయిదా వేయించాడు. మిగిలిన సొమ్ములో ఒక మెమరీకార్డు, అదనపు బ్యాటరీ, గాలి చొరని మూతగల ప్లాస్టిక్ డబ్బా, కొన్ని సిలికా జెల్ పొట్లాలు వచ్చాయి. డబ్బా ఎందుకని ఆమె తండ్రికి సందేహం కలిగింది. పులికాట్ సరస్సు గాలి తేమగాలి. తోలుసంచిలో మూసి ఉంచిన కటకానికి ఒక్క వానకాలంలోనే బూజు పట్టవచ్చు. సిలికా జెల్ తేమను పీల్చుకొంటుంది. రంగు మారే రకమైతే, మారినప్పుడు దానిని వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడవచ్చు. కెమెరాను వారానికొకసారైనా బయటికి తీసి, వెలుతురు తగిలే చోట కొంతసేపు ఉంచాలి.