ఆంత్రోపాలజీ అంటే సివిల్స్ ఆప్షనలేనా?

‘సిలబస్ చిన్నది, మార్కులు బాగా పడతాయి, ఆంత్రోపాలజీ తీసుకో’ అంటూ డిగ్రీ మొదటి ఏడాదిలోనే పిల్లల్ని సివిల్స్ కోచింగ్‌లో పడేస్తున్న తల్లిదండ్రులకు నా అభ్యంతరం గట్టిగానే చెబుతాను. అప్పు చేసి కట్టిన ఫీజుకు చేతికొచ్చేది నోట్సు, నెత్తికొచ్చేది ఒత్తిడి. బట్టీకి లొంగే శాస్త్రం కాదిది. ‘ప్రాంతం’ అన్న ఒక్క అంశం చూడండి. ప్రాంతమనేది మ్యాపులో ముందే గీసి ఉండేది కాదని, చరిత్ర, భాష, సంస్కృతి, సమాజ నిర్మాణం వేటికవే దాని హద్దులు గీస్తాయని మానవ శాస్త్రవేత్త బెర్నార్డ్ కోన్ 1960లలోనే వివరించారు. నోట్సులో అది నాలుగు పాయింట్లు. నెల్లూరు తీరంలోని కోట మండలం కుర్రాడికి ఇంటి ముంగిటి విషయం.

నెల్లూరును కోస్తా అంటాం. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1970లలో వచ్చిన ఉత్తర్వుల్లో ఉద్యోగాలకు అది గుంటూరు, ప్రకాశంతో కలిసి మూడో జోన్. కాలేజీ సీట్లకు మాత్రం రాయలసీమతో కలిసి ఎస్వీ యూనివర్సిటీ పరిధి. అప్పటిదాకా నెల్లూరు జిల్లాలో ఉన్న కోట మండలం 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరింది. ఇదే తీరంలో పట్టపు మత్స్యకారుల మాటలో తమిళం వినిపిస్తుంది. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక దీవి వదలాల్సి వచ్చిన యానాదులకు తమ ప్రాంతమంటే అడవి, పులికాట్ నీళ్లు. ప్రాంతీయ భావం నాయకులు రగిలించేదేగా అంటారు కొందరు. రగిలించేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ 1969 తెలంగాణ ఉద్యమమైనా, 1972 జై ఆంధ్రా అయినా స్థానికులకే కొలువులన్న ముల్కీ నిబంధనలు, ఉద్యోగాల చుట్టూనే రాజుకున్నాయి. సీటూ కొలువూ తేల్చే గీత కాగితం మీదే ఆగిపోదు, మనుషుల మనసుల్లోకీ దిగుతుంది.

‘మరి కూడు పెడుతుందా?’ అన్నది న్యాయమైన ప్రశ్న. నేరుగా ఈ సబ్జెక్టు అడిగే పోస్టులు తక్కువే, దాచను. అయితే 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. చిల్లకూరు, కోట మండలాల్లో పారిశ్రామిక నగరం తలపెట్టిన చోట ఎవరి మేత భూమి పోతుందో, ఎవరి వల ఆగుతుందో అడిగి రాయగలిగినవాళ్లు కావాలి. సివిల్స్ రాయడానికి ఏ డిగ్రీ అయినా చాలు. సబ్జెక్టు మీద ఇష్టముండి దాన్నే చదవాలనుకుంటే ఆంధ్రా విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా ఉన్నాయి గానీ, ఈ తీరం పిల్లలకు నా ఓటు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీకే: ఇంటికి దగ్గర, ఫీల్డ్‌వర్క్‌కు తీరమంతా అందుబాటులో ఉంటుంది. కోచింగ్‌కు డబ్బు కట్టేముందు పిల్లల్ని ఒక సెలవుల్లో మూడు పల్లెలకు పంపండి. వైద్యానికి ఏ ఊరు పోతారు, పిల్లనెక్కడిస్తారు, సరుకు ఎక్కడ అమ్ముతారు, మీది ఏ జిల్లా అంటే ఏం చెబుతారు అని అడిగి రాసుకు రమ్మనండి. ఆ పని విసుగనిపిస్తే వేరే ఆప్షనల్ చూసుకోవచ్చు, అప్పటికి ఖర్చయింది బస్సు ఛార్జీలే.