లైసెన్సు సరే, బండి సంగతేంటి?

నిన్న రాత్రి ఫోన్ చేసి "అక్కా, వీడు లైసెన్సు చేతికొచ్చిన దగ్గర్నుంచి బండి బండి అని ప్రాణం తీస్తున్నాడే" అన్నావు చూడు, నవ్వాగలేదు. నిరుడు మా ఇంట్లోనూ ఇదే రామాయణం. మీ అబ్బాయి అడిగేది రెండు లక్షల బైకు. మరిదిగారేమో ఈఎంఐలో తీసేద్దాం అంటున్నారట. ఆగండమ్మా ఇద్దరూ!

ముందు నిన్ను మెచ్చుకోవాలి. పద్దెనిమిది నిండేదాకా తాళం ఇవ్వలేదు. మా ఎదురింటావిడ తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి పాలకీ పెరుగుకీ బండి మీద పంపిస్తుంది. 2019లో చట్టం మార్చాక, మైనరు బండితో దొరికితే 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. రెండూ పెద్దవాళ్లకే. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సే ఇవ్వరు. చెప్తే మొహం మాడ్చుకుంది, చెప్పడం మానేశాను.

ఇక డబ్బు లెక్కకొద్దాం. నీ పేరు మీద పాత స్కూటర్ ఒకటి ఉండాలి కదా, మెట్రో ఎక్కడం మొదలుపెట్టాక పక్కన పడేశావు. ఆర్నెల్లు వాణ్ణి దాని మీదే తిరగనీ. ఇన్సూరెన్సు సంగతంటావా, అమెరికాలో మన పిన్ని కూతురు, పిల్లాణ్ణి కారు ఇన్సూరెన్సులో చేర్చేసరికి ప్రీమియం చూసి గుండె గుభేలుమందని చెప్పింది గుర్తుందా? అక్కడ కుర్రాళ్లంటే కంపెనీలకి భయం. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియానికి వయసుతో పనిలేదు, ఇంజిన్ సైజే చూస్తారు. 2022 జూన్‌లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ లోపు బండికి 714 రూపాయలు, 150 దాటితే 1,366, 350 దాటితే 2,804. పైన జీఎస్టీ. వాడడుగుతున్న బైకు ఏ వరసలోకి వస్తుందో వాడినే లెక్కేసి చెప్పమను!

ఇందులో ఒక మెలిక ఉంది, ఏజెంట్లు అడిగితే తప్ప చెప్పరు. పాలసీలో ఓనర్-డ్రైవర్‌కి 15 లక్షల ప్రమాద బీమా అని ఉంటుంది చూడు, అది ఆర్సీలో పేరుండి లైసెన్సు కూడా ఉన్నవాళ్లకే. స్కూటర్ నీ పేరు మీద ఉండి వాడు నడుపుతూ పడితే ఆ 15 లక్షలు వాడికి వర్తించవు. అందుకని వాడి పేరు మీద విడిగా ఒక ప్రమాద బీమా తీసుకో. బైకు కిస్తీ ముందు అదెంత!

కొనక తప్పదంటే సెకండ్ హ్యాండే కొను. కొనే ముందు నా బుద్ధితక్కువ పని ఒకటి విను. నిరుడు జూన్‌లో మా అమ్మాయికి 32 వేలకి స్కూటీ తీసుకున్నాం. తళతళలాడుతోంది, కొత్త సీటు కవరు, టైర్లకి నల్ల పాలిష్. తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లే కదా అని మెకానిక్‌కి కూడా చూపించలేదు. మూడు నెలలు తిరక్కుండానే ఇక్కడ విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిపోయింది. మెకానిక్ ముందు డూమ్ విప్పి స్క్రూడ్రైవర్ మొనతో గీకితే వైర్ల సందుల్లోంచి ఎండిపోయిన సన్నటి బురద రాలింది. "వరద బండమ్మా ఇది" అన్నాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు రోజుల తరబడి నీళ్లలో నానిన బండ్లు ఎన్నో! కడిగి, రంగేసి, అమ్మేశారు. వైరింగ్ కిట్ మార్చడానికి ఏడున్నర వేలు. బండి షెడ్డులో ఉన్న పదిహేను రోజులూ పిల్ల కాలేజీకి బస్సులోనే వెళ్లింది. 2025 ఆగస్టు 15 నుంచి ఇక్కడ ఆంధ్రలోనూ ఆడపిల్లలకి బస్సు ఉచితం కదా, మీకు తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచే ఉందిలే. అప్పుడు అనిపించింది, అసలీ బండి అంత అర్జెంటుగా ఎందుకు కొన్నామా అని.

ఇప్పుడు ఎవరు బండి చూడమన్నా తెల్లారగట్ల వెళ్తాను. ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను. వెచ్చగా ఉంటే మనం వచ్చేలోపు తిప్పి పెట్టారని అర్థం. చల్లటి ఇంజిన్ ఎన్ని తన్నులకి స్టార్టవుతుందో అప్పుడే తెలిసేది. మీటర్ అద్దం లోపల నీటి చారిక ఉందేమో చూస్తాను. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం చేసిన టైరు. చాసిస్ నంబరు ఆర్సీతో పోల్చుకోవాలి. బండి నంబరు కొట్టి చలాన్లు చూసుకోవాలి. మా స్కూటీ మీద నాలుగున్నాయి, మేమే కట్టుకున్నాం. లోను మీద కొన్న బండైతే బ్యాంకు ఎన్‌ఓసీ లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకు. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకున్న రోజే ఆర్సీ మార్పుకి పెట్టు. పద్నాలుగు రోజుల్లోపు ఇన్సూరెన్సు మీ పేరుకి మార్పించుకో. "తర్వాత చూద్దాంలెండి" అనేవాళ్ల దగ్గర బండే కొనొద్దు.

కొత్తదే కావాలని మరిదిగారు పట్టుబడితే కరెంటు బండి చూడమను. తెలంగాణలో వాటికి 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్సూ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు. మీరుండేది నాలుగో అంతస్తు, చార్జింగ్ పాయింటు ఎక్కడ పెట్టనిస్తారో అపార్ట్‌మెంట్ వాళ్లని ముందే అడుగు.

అన్నట్టు, వాడి లైసెన్సు మీద గేర్ల బండి ఉందా, గేర్లు లేనిదేనా? స్కూటీ మీద టెస్ట్ ఇచ్చొచ్చి బైకు అడిగే మహానుభావులున్నారు.

బేరాలన్నీ అయ్యాక మిగిలిన డబ్బుతో ఐఎస్ఐ మార్కు హెల్మెట్లు రెండు కొను, వెనక ఎక్కే స్నేహితుడికి కూడా. స్కూటర్ తాళం ఇంకా వంటింటి మేకుకే వేలాడుతోందా? రేపు పొద్దున్నే దాన్ని సర్వీసింగుకి పంపించు.