పెంపుడు పుంగనూరు ఆవులలో సహజ లక్షణాలు, ప్రమాద సూచనలు

పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు పుంగనూరు జాతి పశువులకు పుట్టినిల్లు. ఈ ఆవుల ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుండి 200 కిలోల వరకు ఉంటుంది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పలమనేరు పశు పరిశోధనా స్థానంలో ఈ జాతి సంరక్షణ జరుగుతున్నది. ఇటీవల ఈ ఆవులు పాడి కొరకు కాక ముచ్చట కొరకు పట్టణ గృహాలకు చేరుతున్నాయి. కొనేవారిలో చాలామందికి పశుపోషణ అనుభవం ఉండదు. సహజ లక్షణాన్ని చూసి కలవరపడటం, అసలైన వ్యాధి లక్షణాన్ని ఉపేక్షించడం రెండూ ఇందువలననే జరుగుతున్నాయి.

ఆరోగ్యవంతమైన ఆవు మేత తిన్న తరువాత పడుకొని నెమరు వేస్తుంది. ముట్టె తడిగా ఉంటుంది. ఉదయపు చల్లదనంలో శరీర ఉష్ణోగ్రత 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. తిరుపతి వేసవి మధ్యాహ్నాలలో శ్వాస వేగం పెరిగినంత మాత్రాన జ్వరమని భావించరాదు. నీడకు చేర్చి, నీరు పెట్టి, చల్లబడిన పిమ్మట తిరిగి పరీక్షించాలి. ఎడమ డొక్కపై పిడికిలి ఆనించి ఉంచినప్పుడు రెండు నిమిషాలలో రెండు మూడు సార్లు పొట్ట కదలిక తెలియాలి. పరికరమేదీ అవసరం లేని ఈ పరీక్షను యజమానికి తప్పక నేర్పాలి.

ఎద లక్షణాలు కొత్తవారిని ఎక్కువగా భయపెడతాయి. సుమారు 21 రోజులకొకసారి ఆవు అరవడం, మేత తగ్గించడం, మానం నుండి తెల్లసొన వంటి తీగలు వేయడం సహజం. ఎద ముగిసిన ఒకటి రెండు రోజులకు కొద్దిగా రక్తం కనిపించినా అది వ్యాధి కాదు. అయితే తీగలు చీములా మారి దుర్వాసన వస్తే గర్భాశయ వ్యాధిగా అనుమానించాలి.

పట్టణ గృహాలలో అసలు ముప్పు వంటింటి నుండే వస్తుంది. అన్నం, చపాతీలు, అరటిపండ్లు, మిఠాయిలు, కనుమనాడు మితిమీరి పెట్టిన పొంగలి పొట్టలో త్వరగా పులిసి ఆమ్లత్వాన్ని పెంచుతాయి. పెద్ద సంకరజాతి ఆవు తట్టుకొనే పరిమాణం 120 కిలోల పశువుకు ప్రాణాంతకం కావచ్చు. కొన్ని గంటలలోనే ఆవు నెమరు మానుతుంది, పండ్లు కొరుకుతుంది. పుల్లని వాసనతో పలుచని పేడ వేస్తుంది. తరువాత కళ్ళు లోతుకు పోయి, నడక తూలుతుంది. ఈ దశకు రాకముందే పశువైద్యుని పిలవాలి. ఎడమ డొక్క బిగిసి ఉబ్బి, శ్వాస కష్టమైతే అది కడుపుబ్బరం. నిమిషాలు కూడా విలువైనవే. ఇటువంటి సమయంలో నాలుక పట్టి లాగి నూనె, కషాయం బలవంతంగా తాగించే అలవాటు చాలా హానికరం. ద్రవం ఊపిరితిత్తులలోకి పోతే న్యుమోనియా వస్తుంది.

వీపు వంచి, మోచేతులు ఎడంగా పెట్టి, వాలులో దిగేటప్పుడు మూలిగే ఆవు తీగముక్కో మేకో మింగి ఉండవచ్చు. వీధిలోకి వదిలే పశువులలో ప్లాస్టిక్ సంచులు పొట్టలో పేరుకొని క్రమంగా చిక్కిపోవడం మరొక సమస్య. నున్నని టైల్స్ నేలపై నిలిపిన ఆవుకు గిట్టలు అరగక పెరిగి వంకర తిరుగుతాయి. జారిపడే ప్రమాదమూ ఉంటుంది. ఆవు హాలులో తిరగడం చూడముచ్చటే గాని, దాని గిట్టలకు కావలసింది మట్టినేల, రోజూ నడక.

చూడి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పుంగనూరు ఆవుకు జెర్సీ, హెచ్.ఎఫ్. వీర్యం వేయిస్తే దూడ పెద్దదై ఈత కష్టమవుతుంది. మరింత పొట్టి ఆవు కావాలనే మోజుతో కటి ఇరుకైన పెయ్యలను తొందరపడి కట్టించడమూ అంతే ప్రమాదకరం. నీటి తిత్తి పగిలిన గంటలోపు ఈత ముందుకు సాగకపోతే వేచి ఉండరాదు. ఈనిన తరువాత 12 గంటలకు కూడా మాయ పడకపోతే దానిని చేతితో లాగకుండా వైద్య సహాయం పొందాలి. సంచార పశువైద్య సేవలకు 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

మందు మోతాదును పశువు బరువును బట్టే నిర్ణయించాలి. పెద్ద ఆవు లెక్కన ఇస్తే మోతాదు రెండు మూడు రెట్లు కాగలదు. తూకం లేనిచోట ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో తీసుకొని, దానిని దానితోనే హెచ్చించి, శరీర పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలలో సుమారు బరువు వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 50, పొడవు 40 అంగుళాలైన ఆవు బరువు దాదాపు 151 కిలోలు.