రెక్క ముందా, చెవి ముందా?

పిల్లలూ! సందెవేళ పాడుపడిన గుళ్ళనుంచీ, దిగుడు బావులనుంచీ గబ్బిలాలు గుంపులుగా బయటికి రావడం మీలో చాలామంది చూసే ఉంటారు. గబ్బిలం పక్షి కాదనీ, పిల్లలకు పాలిచ్చే క్షీరదమనీ కింది తరగతుల్లోనే చదువుకున్నారు. క్షీరదాలలో రెక్కలాడిస్తూ నిజంగా ఎగరగలిగినది ఇదొక్కటే. ఎగిరే ఉడుత అని పేరున్న జంతువు ఎగరదు. ఒక చెట్టునుంచి మరొక చెట్టుకు గాలిలో జారుతుంది, అంతే.

గబ్బిలానికి రెండు విద్యలున్నాయి. ఒకటి ఎగరడం. దాని రెక్క అంటే మరేమీ కాదు, మన చెయ్యి వంటి చెయ్యే. వేళ్ళ ఎముకలు బాగా సాగి, గొడుగు కమ్మీలలాగా పలుచని తోలు పొరను చాచి పట్టుకుంటాయి. రెండవది, చీకటిలో చెవులతో దారి తెలుసుకోవడం. గబ్బిలం తన స్వరపేటికనుంచి మనకు వినిపించనంత హెచ్చు పౌనఃపున్యం గల ధ్వనులు చేస్తుంది. అవి పురుగుకో గోడకో తగిలి తిరిగి వస్తే, ఆ ప్రతిధ్వనిని బట్టి అది ఎక్కడున్నదో గ్రహిస్తుంది. అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్ అనే విద్యార్థి, పియర్స్ అనే భౌతికశాస్త్రజ్ఞుని పరికరం సాయంతో ఈ ధ్వనులను పట్టుకుని 1938లో లోకానికి తెలిపాడు.

సరే, ఈ రెండు విద్యలలో గబ్బిలాల పూర్వులకు ముందు వచ్చినది ఏది?

చెవే ముందు అన్నారు కొందరు. కొమ్మ మీద కూర్చుని ప్రతిధ్వనితో పురుగులను పసిగట్టే జంతువు, వాటికోసం దూకి దూకి చివరకు ఎగరడం నేర్చిందని వారి వాదం. కాదు, కూర్చుని అంత గట్టిగా అరవాలంటే శక్తి చాలా ఖర్చవుతుంది. ఎగిరేటప్పుడైతే రెక్కల కదలికతోపాటే ఊపిరి బయటికి వస్తుంది కనుక ధ్వని చేయడానికి అదనపు ఖర్చు దాదాపు లేదు, అందుచేత రెక్కే ముందు అన్నారు మరికొందరు. రెండూ కలిసే వచ్చాయన్నవారూ ఉన్నారు. వాదాలు ఎన్నయినా చెప్పుకోవచ్చు. తేల్చేది ఎముకలే.

ఆ ఎముకల వెంట పడిన శాస్త్రజ్ఞురాలు నాన్సీ సిమన్స్. ఆమె మొదట చదివినది గబ్బిలాల గురించి కాదు. డైనోసార్ల కాలంలో బతికి, తరువాత అంతరించిన ఎలుకల వంటి చిన్న క్షీరదాల మీద పరిశోధించి, 1989లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంనుంచి డాక్టరేటు పొందారు. తరువాత న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో చేరారు.

అప్పటికి గబ్బిలాల మీద పెద్ద తగవు నడుస్తోంది. పండ్లు తినే పెద్ద గబ్బిలాల కళ్ళకూ మెదడుకూ మధ్య నరాల అమరిక కోతులలో ఉన్నట్టే ఉన్నదనీ, కాబట్టి అవి కోతుల చుట్టాలనీ, చిన్న గబ్బిలాలతో సంబంధం లేకుండా విడిగా ఎగరడం నేర్చాయనీ ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ పెటిగ్రూ 1986లో ప్రకటించాడు. సిమన్స్ 1994లో దీనికి వివరంగా జవాబు రాశారు. ఒక్క నరాల అమరికను మాత్రమే చూస్తే ఎలా? రెక్క ముందంచు వెంబడి తల వెనుకనుంచి బొటనవేలి వరకు సాగే ఒక కండరం ఉంది. అది పెద్ద గబ్బిలాలకూ ఉంది, చిన్న వాటికీ ఉంది, మరే క్షీరదానికీ లేదు. ఇటువంటి లక్షణాలు ఎన్నో కలిసి గబ్బిలాలన్నీ ఒకే వంశమని చెబుతున్నాయి. డి.ఎన్.ఎ. పరీక్షలు కూడా ఆ మాటే చెప్పాయి.

కాని అదే డి.ఎన్.ఎ. తరువాత సిమన్స్ మాటను కూడా కొట్టివేసింది! ప్రతిధ్వనిని వాడే గబ్బిలాలన్నీ ఒక శాఖ, పండ్లు తినేవి మరొక శాఖ అని ఆమె 1998లో ఎముకలను బట్టి వంశవృక్షం గీశారు. ప్రతిధ్వని విద్యలో ఆరితేరిన గుర్రపునాడా గబ్బిలాలు నిజానికి పండ్ల గబ్బిలాలకే దగ్గరి చుట్టాలని 2000 తరువాత ఎమ్మా టీలింగ్ మొదలైనవారి పరిశోధనలలో తేలింది. అంటే, ఆ విద్య రెండుసార్లు పుట్టి ఉండాలి, లేదా పండ్ల గబ్బిలాలు దానిని పోగొట్టుకుని ఉండాలి. సిమన్స్ పంతానికి పోలేదు. తరువాత శిలాజాలను పరిశీలించినప్పుడు ఆ కొత్త వృక్షాన్నే చట్రంగా తీసుకున్నారు. ఆమె చేసిన పనులలో నాకు బాగా నచ్చినది ఇదే.

మ్యూజియం అన్నాను కదా అని ఆమె గదిలోనే కూర్చున్నారనుకోకండి. దక్షిణ అమెరికాలో ఫ్రెంచి గయానా అనే చోట, పరాకూ అడవిలో వలలు కట్టి వెతికితే ఆమె బృందానికి 78 జాతుల గబ్బిలాలు కనిపించాయి. మన దేశం మొత్తంలో ఉన్నవి సుమారు 130 అని గుర్తు తెచ్చుకుంటే ఆ అడవి సంగతి అర్థమవుతుంది.

ఇక మన ప్రశ్నకు వద్దాం. గబ్బిలం ఎముకలు పుల్లల్లాగా సన్నన; అవి శిలాజాలుగా మిగలడం అరుదు. అమెరికాలోని వయోమింగ్‌లో ఒక పాత సరస్సు అడుగున మెత్తని బురద పొరలు పొరలుగా పేరుకుని రాయి అయింది. అందులో చేపలతోపాటు అప్పుడప్పుడు గబ్బిలం కూడా చెక్కుచెదరకుండా దొరుకుతుంది. అటువంటి రెండు నమూనాలను పరిశీలించి సిమన్స్, ఆమె సహచరులు 2008లో ఓనికోనిక్టెరిస్ అనే కొత్త ప్రజాతిని ప్రకటించారు. గోళ్ళున్న గబ్బిలం అని ఆ పేరుకు అర్థం. దాని వయస్సు సుమారు 5 కోట్ల 25 లక్షల సంవత్సరాలు.

నేటి గబ్బిలాలకు బొటనవేలికి గోరు ఉంటుంది, పండ్ల గబ్బిలాలలో చాలావాటికి రెండవ వేలికి కూడా ఉంటుంది. దీనికి అయిదు వేళ్ళకూ గోళ్ళున్నాయి! కొమ్మలు పట్టుకుని పాకిన పూర్వుల గుర్తు అది. చేతివేళ్ళు మాత్రం బాగా సాగి ఉన్నాయి, అంటే ఎగిరేదే. మరి చెవి? లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కర్ణావర్తం ప్రతిధ్వనిని వాడే గబ్బిలాలలో పెద్దదిగా ఉంటుంది. దీనిలో చిన్నది. అంటే రెక్క వచ్చింది, చెవి ఇంకా రాలేదు!

తగవు తీరిందనుకున్నారా? 2010లో కెనడా శాస్త్రజ్ఞులు అడ్డు చెప్పారు. స్వరపేటికతో ధ్వనులు చేసే గబ్బిలాలలో గొంతు దగ్గరి ఒక సన్నని ఎముక చెవి ఎముకతో అతుక్కుని ఉంటుంది. ఈ శిలాజంలోనూ అలాగే ఉండవచ్చునన్నారు. రాతిపొరల బరువుకు తల అప్పడంలా నలిగిపోయింది, తగులుతున్నట్టు కనిపించేవి బతికున్నప్పుడు తగిలి ఉండనక్కరలేదని సిమన్స్ బృందం జవాబిచ్చింది. రెక్కే ముందన్న పక్షానికి బలం ఎక్కువని నాకు తోస్తుంది గాని, ఒక్క నలిగిన తలను నమ్ముకుని తీర్పు చెప్పడం కష్టమే.

2023లో అదే సరస్సు రాళ్ళనుంచి, సుమారు 5 కోట్ల 20 లక్షల ఏళ్ళనాటి మరొక కొత్త జాతిని ప్రకటించారు. ఆ పరిశోధకులలో సిమన్స్ కూడా ఉన్నారు. 2008 నాటి పనిలో ఆమె సహచరుడైన గ్రెగ్ గన్నెల్ 2017లో మరణించాడు. కొత్త గబ్బిలానికి ఆయన పేరే పెట్టారు. అది కూడా ఎగిరే గబ్బిలమే. సగం పాకుతూ సగం ఎగిరిన పూర్వజంతువు ఇంతవరకు దొరకలేదు.

గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైటు గనిలో కూడా దాదాపు అంత పాతకాలపు గబ్బిలాలు దొరికాయి. అవి ఏడు జాతులని 2007లో ప్రకటించారు. అయితే దొరికినవి ఎక్కువగా పళ్ళూ, దవడ ముక్కలూ. పంటిని చూసి జాతిని గుర్తించవచ్చు, ఏమి తినేదో ఊహించవచ్చు. వేళ్ళకు గోళ్ళెన్నో మాత్రం లెక్కపెట్టలేము.