గృహమునకు దూరదర్శనము: కేబులా? డిష్షా?

విద్యార్థులారా! దూరదర్శన ప్రసారములు మన యిండ్లకు రెండు మార్గముల వచ్చును. కేబులు వీధిస్తంభముల మీదుగా తీగవెంట వచ్చును. డిష్షు భూమధ్యరేఖకు పైని సుమారు 35,786 కిలోమీటర్ల యెత్తుననున్న ఉపగ్రహమునుండి నేరుగా గ్రహించును. అందుచేతనే మన ప్రాంతపు డిష్షులు దక్షిణాకాశమును చూచుచుండును.

జడివానలో నీటిబిందువులు తరంగములను హరించుటచే డిష్షు చిత్రము చెదరును. పెనుగాలికి స్తంభములు కూలినచో కేబులు తెగును. బాగుచేయువాడు సమీపముననున్న పట్టణములో కేబులు మేలు. తీగ చేరని పల్లెకు డిష్షు తగినది. 2004వ సంవత్సరమున దూరదర్శన్‌వారు ప్రారంభించిన ఉచిత డిష్షునకు, పరికరములు కొనిన పిమ్మట, నెలసరి రుసుము లేదు. పిల్లల పుస్తకములకు పైకము చాలని గృహస్థులు దీనినే మొదట తలంపవలయును.

అయితే తుపానునాడు రెండును మూగవోవచ్చును. కావున తీరవాసులు బ్యాటరీ రేడియో నొకదానిని ఇంట నుంచుకొనవలయునని మేము మనవి చేయుచున్నాము.