మబ్బుల్లో విమానం ఎందుకు అదుపు తప్పుతుంది?

1959 ఫిబ్రవరి 3, రాత్రి ఒంటిగంట కావస్తోంది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మేసన్ సిటీ విమానాశ్రయం నుంచి బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా అనే చిన్న విమానం లేచింది. ఒకే ఇంజను, నాలుగు సీట్లు. పైలట్ రోజర్ పీటర్సన్‌కి 21 ఏళ్లు, అంటే మన ఫైనలియర్ వయసు. మిగతా ముగ్గురూ అప్పటి కుర్రకారుని ఊపేస్తున్న రాక్ అండ్ రోల్ గాయకులు: బడ్డీ హోలీ (22), రిచీ వాలెన్స్ (17), జె.పి. రిచర్డ్‌సన్ (28). టూర్ బస్సులో చలికి తట్టుకోలేక విమానం మాట్లాడుకున్నారు. కొద్ది నిమిషాల్లోనే, ఆరు మైళ్లు కూడా దాటకుండా, అది పొలంలో కూలింది. నలుగురూ పోయారు. ఇంజనులో లోపమేమీ కనిపించలేదు.

ఆ రాత్రి ఆకాశమంతా మబ్బు, సన్నగా మంచు పడుతోంది. కింద పల్లె పొలాలు, దీపాలు తక్కువ. నేల ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. పైలట్ కంటికి అది మబ్బు లోపల ఉన్నట్టే లెక్క.

కళ్లు పనికిరాకపోతే ఒంటికి తెలీదా అంటారేమో. ఒక తిరిగే కుర్చీ తెచ్చి, ఫ్రెండ్‌కి కళ్లకు గంతలు కట్టి, మెల్లగా ఒకే వేగంతో తిప్పి చూడండి. కాసేపటికి ‘ఆగిపోయింది కదా’ అంటాడు. నిజంగా ఆపితే ‘ఇప్పుడు అటువైపు తిప్పుతున్నారేంట్రా’ అంటాడు! లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి. అవి కొలిచేది కోణీయ త్వరణాన్ని, వేగాన్ని కాదు. తిరుగుడు ఒకే వేగంతో సాగితే ద్రవం కూడా నాళంతో సమానంగా తిరుగుతుంది, ఇక సంకేతం ఉండదు. ఒప్పులకుప్ప తిరిగి ఆగినవాళ్లకి నేల గిర్రున తిరగడం కూడా ఈ ద్రవం పుణ్యమే.

ఇప్పుడు విమానం సంగతి. రెక్క చాలా మెల్లగా ఒరిగితే చెవికి అసలు తెలియదు. సరిగ్గా సాగే మలుపులో ఫలిత బలం నేరుగా సీటులోకే పోతుంది, కప్పులో టీ కూడా తొణకదు. కానీ రెక్కలు ఒరిగేసరికి లిఫ్ట్‌లో నిలువు భాగం తగ్గిపోయింది (కొసైన్ తీటా, ఫస్టియర్ మెకానిక్స్). ముక్కు దిగుతుంది, వేగం పెరుగుతుంది. నిటారుగానే దిగుతున్నాననుకుని పైలట్ కంట్రోల్‌ని వెనక్కి లాగుతాడు. విమానం పైకి లేవదు, మలుపు ఇంకా బిగుస్తుంది. పైలట్లు దీన్నే గ్రేవ్‌యార్డ్ స్పైరల్ అంటారు.

దీన్ని 1954లోనే ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పరీక్షించారు. విచిత్రం, అక్కడా బొనాంజానే. పరికరాలు చూసి నడపడం రాని 20 మందికి బయట ఏమీ కనబడకుండా చేస్తే, ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు.

అలాంటప్పుడు నమ్మాల్సింది పరికరాన్నే. పీటర్సన్ అంతకుముందు పరికరాల పరీక్షలో తప్పాడు. అయినా నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి. ఆ విమానంలో ఉన్నది స్పెర్రీ ఎఫ్3 అనే జైరో. ముక్కు పైకి ఉందా కిందికి ఉందా అన్నది అది చూపించే తీరు, అతను నేర్చుకున్న పరికరానికి సరిగ్గా రివర్స్. దిగుతుంటే ఎక్కుతున్నాననుకుని ఉండొచ్చని దర్యాప్తు చేసిన సివిల్ ఏరోనాటిక్స్ బోర్డే రాసింది. శకలాల్లో నిలువు వేగం ముల్లు నిమిషానికి 3000 అడుగుల దిగుడు దగ్గర ఆగిపోయి ఉంది.

పరికరాలతోనే నడపాల్సిన ప్రయాణానికి పైలట్ బయల్దేరడమే ప్రధాన కారణమని బోర్డు తేల్చింది. దానికి తోడైన కారణాలుగా రెండు చేర్చింది: ఆ జైరో అతనికి అలవాటు లేకపోవడం, వాతావరణ హెచ్చరికలు అతని దాకా సరిగ్గా చేరకపోవడం.