నది వెంట నగరానికి

పాఠ్యాంశ ఉద్దేశం

మిత్రులతో కలిసి చేసే ఒకరోజు విహారయాత్రను సైతం ఆలోచనతో, పరస్పర గౌరవంతో రూపొందించుకోవాలని తెలియజేయడం, పల్లెకు నగరానికి మధ్య గల చారిత్రక సంబంధాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠ్యాంశం

తెలుగు యాత్రారచనకు ఆద్యుడుగా ఏనుగుల వీరాస్వామయ్య ప్రసిద్ధుడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి మద్రాసు చేరాడు. మార్గమధ్యంలో హైదరాబాదు నగరాన్ని కూడా దర్శించాడు. పెద్ద పరివారంతో సాగిన ఆ ప్రయాణ విశేషాలు ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో 1838లో అచ్చయ్యాయి. ఆ గ్రంథంలో పుణ్యక్షేత్రాల వర్ణనతోపాటు ఎక్కడ బస దొరుకుతుంది, ఏ దారి అనుకూలమైనది, ఏ ఊరిలో ఏ వస్తువు లభిస్తుంది అనే లౌకిక విషయాలు కూడా శ్రద్ధగా నమోదయ్యాయి. వెంట వచ్చినవారి యోగక్షేమాలు చూడవలసినవాడు ఈ విషయాలన్నీ ముందుగా తెలుసుకోక తప్పదు. యాత్ర పదిహేను నెలలదైనా, ఒక్క పగటిదైనా ఈ నియమం మారదు.

రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలంలోని సురంగల్ గ్రామాన్ని ఉదాహరణగా తీసుకొందాం. హైదరాబాదుకు పశ్చిమ దిశలో ఉన్న చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాల రైతులు పండించే పూలు, కూరగాయలు నగర విపణులకు తరలుతుంటాయి. ఆ గ్రామంలో ఇంటర్మీడియట్ చదివే ఆరుగురు మిత్రులు వారాంతంలో నగరం చూసి రావాలని సంకల్పించారనుకొందాం. వారిలో నలుగురు బాలురు, ఇద్దరు బాలికలు. మొదటి రోజు రచ్చకట్ట మీద కూర్చుని మాట్లాడుకొన్నప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క కోరికను వెలిబుచ్చారు. ఒకరికి గోలకొండ కోట ఎక్కాలని ఉంది. ఇంకొకరికి చార్మినారు, వేరొకరికి సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలని ఉంది. మెట్రో రైలు ఎక్కకుండా తిరిగి వస్తే నలుగురూ నవ్వుతారని మరొకరి వాదం. అన్నింటినీ కలిపితే మూడు రోజులైనా చాలవు. వారికున్నది ఒక్క రోజు.

ముందుగా ఏ రోజు అనేది తేలాలి. పూలసాగు చేసే రైతు కుమారుడు ప్రతి శనివారం తెల్లవారుజామున తండ్రికి తోడుగా గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు వెళ్లవలసి ఉంటుంది. అతడు లేకుండా వెళ్లడం మిగిలినవారికి ఇష్టం లేదు. అందుచేత ఆదివారం నిశ్చయమయింది. ఆదివారమే ఆబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాల అంగళ్లు వెలుస్తాయి గనుక పుస్తకప్రియురాలైన బాలిక కూడా సంతోషించింది. సాలార్‌జంగ్ మ్యూజియానికి వారపు సెలవు శుక్రవారం. కాబట్టి ఆదివారానికి ఆ ఆటంకమూ లేదు.

రెండవది ఖర్చు. ఒక మంచి హోటలులో బిర్యానీ తినాలని ముగ్గురు ఉత్సాహంగా లెక్కలు వేస్తుండగా, నాలుగవవాడు మెల్లగా లేచి, “ఆదివారం నాకు పొలంలో పనుంది, మీరు పోయి రండిరా” అన్నాడు. ఆ రోజు పొలంలో పని లేదన్న సంగతి అందరికీ తెలుసు. అతని వాటా మేమే ఇస్తామని ఒకడు అనబోయాడు. పక్కనున్న బాలిక కనుసైగతో అతడిని వారించింది. స్నేహంలో దానం పుచ్చుకోవలసి రావడం కంటె బాధాకరమైనది లేదు. మరునాడు వారు లెక్కను మొదటి నుండి వేసుకొన్నారు. ప్రతి ఒక్కరూ తెచ్చుకోగల సొమ్ము ఎంతో చీటీల మీద పేర్లు లేకుండా రాసి ఒక డబ్బాలో వేశారు. వాటిలో అతి తక్కువ మొత్తమే అందరి వాటాగా నిర్ణయమయింది. హోటలు భోజనానికి బదులు ఇంటి నుండి జొన్నరొట్టెలు, కూర, పెరుగన్నం తీసుకుపోవాలనుకొన్నారు. సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లకు మాత్రం ప్రత్యేకంగా కొంత సొమ్ము కేటాయించారు.

తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగర ఆర్డినరీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణ సౌకర్యం 2023 డిసెంబరు 9 నుండి అమలులోకి వచ్చింది. బాలికలకు ఛార్జీ లేకపోయినా, వారు కూడా సమానమైన వాటానే ఇచ్చారు. మిగిలిన సొమ్ము అందరి ఖర్చులకూ కలిసివచ్చింది. పనుందన్న మిత్రుడికి ఆ పని అంతటితో తీరిపోయింది.

మూడవది పెద్దల అనుమతి. 2025 నవంబరు 3న చేవెళ్ల రహదారిపై మీర్జాగూడ వద్ద ఆర్టీసీ బస్సు, కంకర టిప్పరు ఢీకొన్న ఘోర ప్రమాదంలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. వారిలో చదువుల కోసం నగరానికి తిరిగి వెళుతున్న విద్యార్థులు కూడా ఉన్నారు. ఆ దుర్ఘటన తరువాత ఈ ప్రాంతంలో పిల్లలను బస్సెక్కించే తల్లిదండ్రుల మనస్సులో భయం పాతుకుపోయింది. ఆ భయాన్ని చాదస్తంగా కొట్టివేయడం తగదు. మిత్రులు తాము వెళ్లే స్థలాలు, బస్సు మారే చోట్లు, తిరిగి వచ్చే వేళ ఒక కాగితం మీద రాసి ప్రతి ఇంట్లో ఇచ్చారు. ఫుట్‌బోర్డు మీద ఎవరూ నిలబడరాదని నియమం పెట్టుకొన్నారు. ఒక బాలిక మేనత్త తోడుగా రావడానికి అంగీకరించింది. నాయనమ్మ ఒకామె కాగితం చదవలేక, మనుమరాలిచేత చదివించుకొని, “పొద్దుగూకక ముందే ఇల్లు చేరుండ్రి బిడ్డా” అని మాత్రం అన్నది. ఆ ఒక్క మాటతో తిరుగు ప్రయాణపు వేళ నిర్ణయమయింది.

ఇక ఏయే స్థలాలు చూడాలి? మేనత్తకు మోకాళ్ల నొప్పులు. గోలకొండ కోట ఎక్కడం ఆమెకు సాధ్యం కాదు. వేగంగా నడిచేవారిని బట్టి దారిని నిర్ణయిస్తే, నెమ్మదిగా నడిచేవారు వెనుకబడతారు. కాబట్టి కోట మరొక యాత్రకు వాయిదా పడింది. మిగిలిన స్థలాలను ఏదో ఒక సూత్రంతో కూర్చాలని ఆలోచిస్తుండగా, పుస్తకప్రియురాలైన బాలిక ఒక చక్కని మాట చెప్పింది. “మన దగ్గరి నుంచే నీళ్లు నగరానికి పోతున్నయి కదా, ఆ నీళ్లెంట మనమూ పోదాం” అన్నది.

ఆ మాట వెనుక ఒక చరిత్ర ఉంది. మూసీనది అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుగా ప్రవహిస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఆ నదికి వచ్చిన వరద హైదరాబాదుకు మహోపద్రవం తెచ్చిపెట్టింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే పోగొట్టుకొన్నాడు. అనంతరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరదను నిలువరించాలని ఆయన సూచించాడు. తత్ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరదను ఆపడమే కాక ఇవి నగరవాసుల దాహార్తిని తీర్చాయి. మొయినాబాదు ప్రాంతంపై కురిసే వర్షం ఈ జలాశయాలను చేరుతుంది.

ఈ సూత్రాన్ని అనుసరించి యాత్రాక్రమం సిద్ధమయింది. ఉదయం మొయినాబాదు చేరి, రహదారి ప్రక్కన ఊడలు దిగిన మర్రిచెట్లను చూస్తూ లంగర్‌హౌజ్‌లో దిగాలి. అక్కడి బాపుఘాట్ వద్ద మూసీ, ఈసీ నదుల సంగమం ఉంది. 1948లో గాంధీమహాత్ముని చితాభస్మాన్ని అక్కడే నిమజ్జనం చేశారు.

నగర బస్సులు మారి తరువాత చేరవలసింది పురానాపూల్. మూసీపై నిర్మించిన వంతెనల్లో ఇదే ప్రాచీనమైనది. ఇబ్రహీం కుతుబ్‌షా దీనిని 1578లో కట్టించాడు. తెలుగు కవులు అభిమానంతో ‘మల్కిభరాముడు’ అని పిలుచుకొన్న ప్రభువు ఇతడే. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఈ రాజుకే అంకితమిచ్చాడు. పాఠంలో పేరుగా మిగిలిన ప్రభువు, కాలి క్రింద రాయిగా కనిపించడం విద్యార్థులకు ఒక అపూర్వానుభవం.

అనంతరం అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 వరదలో దాదాపు నూటయాభై మంది దాని కొమ్మలు పట్టుకొని ప్రాణాలు నిలుపుకొన్నారని ప్రసిద్ధి. అక్కడ రోగులు, వారి బంధువులు ఉంటారు గనుక నిశ్శబ్దంగా చూసి రావాలని మిత్రులు ముందే అనుకొన్నారు. వంతెన దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన కళాఖండాలే దీనిలో ప్రధానమైనవి. 1951లో దివాన్ దేవిడీలో ప్రారంభమైన ఈ ప్రదర్శనశాల 1968లో ప్రస్తుత భవనానికి మారింది. ఇందులోని సంగీత గడియారంలో ప్రతి గంటకూ ఒక చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొడుతుంది. మధ్యాహ్నం పన్నెండు గంటలకైతే పన్నెండు మార్లు కొడుతుంది. కనుక సరిగ్గా ఆ వేళకు గడియారం ముందుండేలా మిత్రులు కాలాన్ని అమర్చుకొన్నారు.

భోజనానంతరం 1591 నాటి చార్మినారు. మెట్లు ఇరుకైనవి గనుక మేనత్త క్రింద కూర్చుంటుంది. ఆమెను ఒంటరిగా విడువకుండా ముగ్గురు ముగ్గురుగా పైకి వెళ్లిరావాలని నిర్ణయం. లాడ్‌బజారులో లక్కగాజుల మెరుపులు చూసి, ఆబిడ్స్‌లో పుస్తకాలు వెదికి, చాయ్ తాగి, మెహదీపట్నం మీదుగా ఇంటిముఖం పట్టాలి. మెట్రో రైలు కోరిక ఈసారికి తీరదు. అయినా ఆ కోరిక కోరినవాడు అలగలేదు. తదుపరి యాత్రకు ప్రణాళిక వేసే బాధ్యత అతనికే అప్పగించడం అందుకు కారణం.

ఈ ప్రణాళికను పరిశీలిస్తే ఒక సత్యం బోధపడుతుంది. రోజును నిర్ణయించింది తీరిక లేనివాడు. ఖర్చును నిర్ణయించింది సొమ్ము తక్కువ ఉన్నవాడు. నడకను నిర్ణయించింది మోకాళ్ల నొప్పులున్న మేనత్త. తిరుగు వేళను నిర్ణయించింది ఇంటి దగ్గర ఎదురుచూసే నాయనమ్మ. అయినా ఉత్సాహానికి ఏ మాత్రం లోటు రాలేదు. ఎవరినీ వెనుక విడిచిరాలేదన్న తృప్తి ఆ ఉత్సాహాన్ని ఇనుమడింపజేసింది.

ఒక నగరం ఎదిగే తీరు కూడా ఇటువంటిదే. 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు, జంట జలాశయాల పరిరక్షణ కోసం 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకు, భారీ నిర్మాణాలకు అడ్డుకట్ట వేసింది. నగరం నీళ్లు తాగడానికి పల్లెలు కొన్ని అవకాశాలు వదులుకొన్నాయి. ఆ ఆంక్షలను షరతులతో తొలగిస్తూ 2022 ఏప్రిల్‌లో మరొక ఉత్తర్వు వచ్చింది. నేలకు ధర రావాలనే రైతు కోరిక న్యాయమైనదే. నీరు నిలవాలనే హితవు కూడా అత్యవసరమైనదే. ఈ రెండింటినీ సమన్వయపరిచే ప్రణాళిక రేపటి పౌరులు వేయవలసి ఉంది. ఆరుగురి ఆదివారాన్ని ఒకరికీ నొప్పి కలగకుండా అమర్చగలవారు ఆ పెద్ద పనికి తొలిపాఠం నేర్చినట్లే.

కఠిన పదాలకు అర్థాలు

దుబాసీ : రెండు భాషలు తెలిసి అనువదించి చెప్పే ఉద్యోగి
పరివారం : వెంట ఉండే జనం
విపణి : అంగడి, బజారు
మహోపద్రవం : గొప్ప ఆపద
దాహార్తి : దప్పికవల్ల కలిగే బాధ
ఇనుమడించు : రెట్టింపగు

సంధులు

జలాశయం : జల + ఆశయం = సవర్ణదీర్ఘసంధి
మహోపద్రవం : మహా + ఉపద్రవం = గుణసంధి
అత్యవసరం : అతి + అవసరం = యణాదేశసంధి

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సురంగల్ మిత్రులు తమ యాత్రను రూపొందించుకొన్న విధానాన్ని వివరించండి.
2. 1908 మూసీ వరదకు, జంట జలాశయాల నిర్మాణానికి గల సంబంధాన్ని తెలియజేయండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఖర్చు విషయంలో మిత్రులు చూపిన సంస్కారాన్ని ప్రశంసించండి.
2. పురానాపూల్‌కు, తెలుగు సాహిత్యానికి గల సంబంధమేమి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘కాశీయాత్ర చరిత్ర’ కర్త ఎవరు?
2. మూసీ, ఈసీ నదుల సంగమం ఎక్కడ ఉంది?
3. చార్మినారు ఏ సంవత్సరం నాటిది?

IV. మీ గ్రామం నుండి సమీప నగరానికి ఒకరోజు యాత్రాప్రణాళిక రాయండి. మీ బృందంలో అందరికంటె నెమ్మదిగా నడిచేవారిని, తక్కువ సొమ్ము తేగలవారిని దృష్టిలో ఉంచుకోండి.